గాబ్లిన్ల ముఠాకి రంగులు: రకరకాల మినీలు ఒకే గుంపులా కనిపించాలంటే ఏం చెయ్యాలి?

బెజవాడ_బార్డ్ · శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. మా గ్రూపులో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ కొత్త క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ) మొదలుపెడుతున్నాం, ఈసారి డీఎం పని, అంటే ఆట నడిపించే పని, నా నెత్తిన పడింది. మొదటి లెవెల్ కాబట్టి మామూలు వ్యవహారమే: అడవిలో బండి దారి, గాబ్లిన్లు (దోచుకు బతికే మరుగుజ్జు రాక్షసులు) దారి కాయడం, ఆనక వాటి గుహ.

గుహకి సరిపడా మినీలు, అంటే చిన్న ఆట బొమ్మలు, అయితే పోగయ్యాయి. గాబ్లిన్లలో ఆరు విజ్‌కిడ్స్ కంపెనీవి, ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) వేసే వస్తాయి కదా, అవి. అయిదు మా ఫ్రెండ్ రెజిన్ ప్రింటర్‌లో తీసిచ్చినవి. మూడు రీపర్ బోన్స్ తెల్ల ప్లాస్టిక్‌వి. వీటికి తోడు నాయకుడిగా ఒక బగ్‌బేర్ (గాబ్లిన్ల బాపతే, బొచ్చుతో ఉండే పెద్ద రాక్షసుడు), రెండు తోడేళ్ళు. గాబ్లిన్లలో ఒకదానికి చెవులు చాటంత, ఇంకోదానికి ముక్కు తప్ప ఏమీ కనిపించదు. అన్నీ కలిపి టేబుల్ మీద పెడితే బస్టాండులో కలిసిన జనంలా ఉన్నారు గానీ ఒక ముఠాలా లేరు.

నా డౌట్లు ఇవీ. చర్మం రంగు అన్నిటికీ ఒకటే వెయ్యాలా? అన్నీ ఒకేలా వేస్తే ఆటలో ఏది ఏదో ఎలా తెలుస్తుంది? ఇంకోటి, ఈ వానల్లో స్ప్రే ప్రైమర్ కొట్టొచ్చా? నా దగ్గర వల్లెహో రంగులు ఓ పది, గోధుమ రంగు వాష్ (ముడతల్లోకి దిగే పల్చటి రంగు) ఒకటి ఉన్నాయి. రెండు వారాల టైముంది.


పాచికల_రాజు · శుక్రవారం రాత్రి 9:20

పచ్చ వేసెయ్ బ్రో. గాబ్లిన్ అంటే పచ్చ. ఇందులో డిస్కషన్ ఏముంది?


డల్లాస్_డీఎం · శుక్రవారం రాత్రి 10:04

రాజు గారూ, వార్‌హ్యామర్ అనే ఆటలో అయితే పచ్చే, కాదనను. కానీ బార్డ్ ఆడించేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ కదా. 2003లో వచ్చిన 3.5 ఎడిషన్ మాన్‌స్టర్ మాన్యువల్ (ఆటలోని రాక్షసుల వివరాల పుస్తకం) తీసి చూడండి. గాబ్లిన్ చర్మం పసుపు నుంచి నారింజ మీదుగా ముదురు ఎరుపు దాకా ఎలాగైనా ఉండొచ్చని, ఒక తెగలో మాత్రం అందరిదీ ఇంచుమించు ఒకటే రంగని అందులో ఉంది. బార్డ్ మొదటి డౌట్ అక్కడితో తీరిపోయింది.

బట్టల సంగతి ఇంకా బాగుంటుంది. గాబ్లిన్లవి ముదురు తోలు, మాసిపోయి కళ తప్పిన రంగులు. వాటి పెద్దన్నలు హాబ్‌గాబ్లిన్లు అలా కాదు. నెత్తుటి ఎరుపు బట్టలు, నల్ల తోలు, ఎప్పుడూ మెరుగు పెట్టి ఉండే ఆయుధాలు. రెండూ గుంపులే, కానీ హాబ్‌గాబ్లిన్లని గుంపుగా చూపించేది యూనిఫాం. గాబ్లిన్లని గుంపుగా చూపించేది మురికి. దోచుకున్నది ఒంటికి చుట్టుకునే బాపతుకి అందరికీ ఒకే రంగు చొక్కా తొడిగితే కథే చెడిపోతుంది. కాబట్టి చొక్కాలు ఎలాగైనా ఉండనివ్వండి, బురద మాత్రం అందరికీ ఒకటే పూయండి.


పాచికల_రాజు · శుక్రవారం రాత్రి 10:11

ఓకే ఓకే. పచ్చ కూడా నేరం కాదు గానీ.


కుంచె_కత్తి · శనివారం ఉదయం 7:45

డల్లాస్ గారు కథ వైపు నుంచి చెప్పారు, నేను కుంచె వైపు నుంచి చెప్తాను. పొడుగు పోస్టు, టీ పెట్టుకోండి.

2014 మాన్‌స్టర్ మాన్యువల్‌లో మామూలు గాబ్లిన్‌కి 7 హిట్ పాయింట్లు, అంటే ఎంత దెబ్బ తట్టుకోగలదో ఆ లెక్క. ఫైటర్ గట్టిగా ఒక దెబ్బ వేస్తే పెట్టెలోకి వెళ్ళిపోతుంది. దాని కనుగుడ్డు మీద అరగంట కూర్చోకండి. ఆటగాళ్ళు రెండు మూడు అడుగుల దూరం నుంచి చూస్తారు, అది కూడా చిప్స్ తింటూ. ఆ దూరానికి మొహం, చేతులు, ఆయుధం, బేస్ (బొమ్మ నిలబడే అడుగు బిళ్ళ) కనిపిస్తే చాలు.

గుంపు మొత్తానికి మారకూడనివి మూడే ఉంటాయి: బేసు, చర్మం, ప్రతి ఒంటి మీదా ఎక్కడో ఒకచోట కనిపించే ఒక గుర్తు రంగు. మిగతా గుడ్డలు, సంచులు, చెప్పులు మీ ఇష్టం.

ఇప్పుడు రంగులు. పది డబ్బాలున్నాయన్నారు కదా, వాటిలో నాలుగే బయట ఉంచండి. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జార్న్ పేరు మీద ఒక పాలెట్ వాడుకలో ఉంది: ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), వెర్మిలియన్ ఎరుపు, నలుపు, తెలుపు. మనుషుల బొమ్మలు వేసేవాళ్ళు ఇప్పటికీ దీంతో సాధన చేస్తారు. నన్నడిగితే ఇది గాబ్లిన్ల కోసమే పుట్టింది. ఓకర్‌లో కాస్త ఎరుపు కలపండి, చర్మం వచ్చేసింది. ఓకర్‌లో నలుపు కలపండి, మాసిపోయిన ఆలివ్ పచ్చ వస్తుంది, అది గుడ్డలకి. రాజు గారి కోరిక కూడా తీరుతుంది. ఎరుపులో నలుపు కలిపితే కాఫీ గింజ రంగు, తోలుకీ బగ్‌బేర్ బొచ్చుకీ పనికొస్తుంది. నలుపు, తెలుపు కలిపిన బూడిద రంగుని నారింజ పక్కన పెడితే కంటికి నీలంగా కనిపిస్తుంది. తోడేళ్ళకి అంతకన్నా ఏం కావాలి? ఈటె మొనలకి మాత్రం వెండి రంగు విడిగా ఉండాలి.

దీనివల్ల లాభం ఏంటంటే, ఏ రంగు తీసుకున్నా అందులో ఈ నాలుగింటిలో ఒకటో రెండో ఉంటాయి. ఏ కంపెనీ బొమ్మైనా, ముక్కు ఎంతున్నా, ఒకే ఇంటి మనిషిలా కనిపిస్తుంది. పదిహేను డబ్బాల్లోంచి పదిహేను రంగులు తీసి వేసినప్పుడు గుంపు చెదిరిపోయేది ఇందుకే.

వేసేటప్పుడు పద్నాలుగూ ఒకేసారి పెట్టుకోకండి, విసుగొచ్చి చివరివి పాడు చేస్తారు. ఏడేసి చొప్పున తీసుకోండి. ఒక్కో బ్యాచ్‌లో మూడు రకాల మినీలూ కలిసి ఉండాలి, ఇది మర్చిపోవద్దు. విజ్‌కిడ్స్‌వి ఒక రోజు, రెజిన్‌వి ఇంకో రోజు వేస్తే రెండో రోజు మీరు కలిపిన నారింజ మొదటి రోజుదానిలా ఉండదు, మళ్ళీ రెండు ముఠాలు తయారవుతాయి. చర్మం రంగు ఎక్కువే కలిపి ఒక ఖాళీ డ్రాపర్ సీసాలో పోసి పెట్టుకోండి.

లోపలి నుంచి బయటకి రండి: ముందు చర్మం, తర్వాత గుడ్డలు, తోలు, చివర్లో లోహం. అన్నీ అయ్యాక ఆ గోధుమ వాష్ తల నుంచి పాదం దాకా అన్నిటికీ ఒకటే. గుంపుని కలిపేది అసలు ఈ వాషే. ముడతల్లోకి దిగి అన్ని రంగుల నీడనీ ఒకే రంగు చేస్తుంది. ఒక్క జాగ్రత్త, గుంటల్లో నిలబడిన వాష్‌ని తడి కుంచెతో పీల్చేయండి. వదిలేస్తే ఆరాక అంచుల్లో టీ మరకలాగా కడుతుంది. బాగా ఆరాక మేకప్ బ్రష్‌తో చర్మం, గుడ్డల పై అంచుల మీద లేత రంగు డ్రైబ్రష్ చేసెయ్యండి, అంటే బ్రష్‌కి ఉన్న రంగు దాదాపు అంతా తుడిచేసి పైపైన రుద్దడం.

చివరగా, ఫోన్‌తో గుంపు ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. మొహాలు బట్టల్లో కలిసిపోతుంటే రంగులు మార్చక్కర్లేదు. చర్మాన్ని ఇంకో మెట్టు లేత చెయ్యండి, సరిపోతుంది.


బెజవాడ_బార్డ్ · శనివారం ఉదయం 8:30

గురువుగారూ, ఇది సేవ్ చేసుకున్నాను. గుర్తు రంగు ఏది పెట్టమంటారు? ఎరుపు అనుకున్నాను గానీ చర్మమే నారింజ అంటున్నారు.


కుంచె_కత్తి · శనివారం ఉదయం 8:52

నారింజ ఒంటి మీద ఎరుపు పేలిక కట్టినా కట్టనట్టే, మూడడుగుల దూరంలో కనపడదు. నారింజకి ఎదురు రంగు నీలం. పాలెట్‌లో నీలం లేదు కాబట్టే, వేసిన ఆ కాస్తా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కొంచెం పచ్చ వైపు వాలిన నీలం అయితే ఇంకా మంచిది. మొత్తం బొమ్మలో పదో వంతు కూడా మించకూడదు.


డల్లాస్_డీఎం · శనివారం ఉదయం 9:15

ఆ నీలానికి ఒక కథ ఇచ్చెయ్యండి బార్డ్. మీ గాబ్లిన్లు బండ్లు దోచుకుంటాయి కదా. ఎవరో వర్తకుడి బండి మీద కప్పిన నీలం గుడారం గుడ్డని చింపుకుని పంచుకున్నాయి అనుకుందాం. ఒకడు తలకి కట్టాడు, ఒకడు ఈటెకి చుట్టాడు, ఇంకొకడు గాయానికి కట్టుగా వేసుకున్నాడు. అందరికన్నా పెద్ద ముక్క బగ్‌బేర్ భుజాల మీద దుప్పటిలా ఉంటుంది. నాయకుడెవరో మీరు నోరు విప్పి చెప్పక్కర్లేదు. దారిలో పార్టీకి, అంటే ఆటగాళ్ళ జట్టుకి, విరిగిన బండి, దాని మేకుకి వేలాడుతున్న నీలం పేలిక కనిపించాయనుకోండి, గుహలో మొదటి గాబ్లిన్‌ని టేబుల్ మీద పెట్టగానే ఎవరో ఒకరు "అరే, ఆ గుడ్డ!" అంటారు. బొమ్మలకి రంగులేసే డీఎంకి దొరికే అసలు సుఖం అదే.


పాచికల_రాజు · శనివారం ఉదయం 9:21

ఇది మాత్రం కేక.


అట్టముక్క · శనివారం ఉదయం 10:40

నేను కొంచెం అడ్డం తిరుగుతాను. పెయింటింగ్ బాగానే ఉంది, ఆట నడిపేటప్పుడు సంగతేంటి? పద్నాలుగు గాబ్లిన్లు బోర్డు మీద ఉన్నాయి. "నీలం గుడ్డ కట్టుకున్న గాబ్లిన్‌ని కొడతాను" అంటాడు ప్లేయర్. అందరూ కట్టుకున్నారు. ఎవరికి ఎన్ని హిట్ పాయింట్లు తగ్గాయో ఎలా రాసుకుంటారు? బేస్ అంచు మీద 1 నుంచి 14 దాకా నంబర్లు వేసెయ్యండి, గొడవ వదిలిపోతుంది. నేను చేసేది అదే.


లక్కీ_లక్ష్మి · శనివారం ఉదయం 11:02

నంబర్లా! అంత ముచ్చటగా వేసి కాళ్ళ దగ్గర లాండ్రీ మార్కు పెడతారా అన్నా?


అట్టముక్క · శనివారం ఉదయం 11:05

అంచుకి వెనక వైపు చిన్నగా వేస్తే ప్లేయర్లకి కనపడదమ్మా, డీఎంకి కనపడితే చాలు.


లక్కీ_లక్ష్మి · శనివారం ఉదయం 11:30

మినీ తిరిగిందంటే కనపడుతుంది, గాబ్లిన్లు తిరగకుండా ఉండవు. నా పద్ధతి చెప్తాను. పద్నాలుగింటినీ ముందు చేతిలో ఉన్నదాన్ని బట్టి విడదీయండి: విల్లు, ఈటె, కత్తి. ఒక్కో రకంలో నాలుగైదు వస్తాయి. ఇప్పుడు నీలం గుడ్డ ఎక్కడుందో మార్చండి. తలకి, నడుముకి, మోచేతికి, ఆయుధానికి, మెడకి. "తలపాగా విలుకాడు", "నడికట్టు ఈటెగాడు" అంటే ఒక్కడే ఉంటాడు. ప్లేయర్లు కూడా వాళ్ళంతట వాళ్ళే పేర్లు పెట్టేస్తారు. మా టేబుల్‌లో ఒక విలుకాడికి "తలనొప్పి" అని పేరు పడింది, వాడు చచ్చిపోతే అందరూ బాధపడ్డారు.

చర్మం కూడా అచ్చుగుద్దినట్టు వద్దు. కుంచె_కత్తి గారు చెప్పిన సీసాలోంచి ఒక్కో బొట్టు తీసి, కొన్నిటికి ఓకర్ కొంచెం ఎక్కువ, కొన్నిటికి ఎరుపు కొంచెం ఎక్కువ కలపండి. దగ్గర్నుంచి చూస్తే తేడా తెలియాలి, దూరం నుంచి తెలియకూడదు.

ఇక స్ప్రే సంగతి. నేనుండేది వైజాగ్‌లో బీచ్‌కి దగ్గర, ఇక్కడ గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. ముసురు పట్టిన రోజు స్ప్రే ప్రైమర్ కొడితే గరుకుగా, సన్న ఉప్పు చల్లినట్టు దిగుతుంది. తర్వాత ఎంత పల్చగా రంగు వేసినా ఆ గరుకు పోదు. వానాకాలంలో కుంచెతో వేసే ప్రైమర్ వాడండి, టెన్షన్ ఉండదు. ఒక మందపాటి పూత కన్నా రెండు పల్చటి పూతలు మేలు.

మీ మూడు రకాలకీ మూడు దారులు. విజ్‌కిడ్స్‌వాటికి ప్రైమర్ ఉంది కాబట్టి నేరుగా మొదలుపెట్టొచ్చు. కానీ మిగతావాటికి వేసిన ప్రైమరే వీటికీ ఒక పల్చటి పూత వేస్తే కింద రంగు అన్నిటికీ ఒకటే అవుతుంది. రెజిన్‌వి ఆల్కహాల్‌లో బాగా కడిగి, యూవీ కింద పూర్తిగా గట్టిపడ్డాయో లేదో మీ ఫ్రెండ్‌ని అడగండి. చేతికి జిగురుగా తగిలితే ఇంకా కాలేదన్నట్టు, గ్లవ్స్ లేకుండా పట్టుకోవద్దు. బోన్స్ లాంటి మెత్త ప్లాస్టిక్ మీద కొన్ని స్ప్రే ప్రైమర్లు రోజుల తరబడి అంటుకుంటూనే ఉంటాయి, కాబట్టి వాటికి కుంచె ప్రైమరే. ముందు గిన్నెలు తోమే సబ్బుతో పాత టూత్‌బ్రష్ పెట్టి కడగండి. ఈటెలు వంగిపోయి ఉంటే వేడినీళ్ళలో కాసేపు ముంచి, వేళ్ళతో సరిచేసి, వెంటనే చల్లనీళ్ళలో పెడితే అలాగే నిలబడతాయి.


పోణికి_కర్ర · శనివారం మధ్యాహ్నం 1:15

గుంపుగా రంగులెయ్యడం అంటున్నారు కాబట్టి ఒక మాట. మాది కొండపల్లి దగ్గర. బొమ్మల కాలనీలో దశావతారాల సెట్ తయారవుతుంటే చూడండి ఎప్పుడైనా. తెల్ల పోణికి చెక్కడం, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులు కాళ్ళు అతకడం, సున్నం పూత, అప్పుడు రంగులు. బొమ్మ తర్వాత బొమ్మ పూర్తి చెయ్యరు, ఒక రంగు పట్టుకుంటే వరసంతా అదే. వరాహం, నరసింహం, రాముడు ఆకారంలో ఒకదానికొకటి పొంతనే ఉండదు, అయినా పక్కపక్కన పెడితే ఒకే సెట్ అని చంటిపిల్లాడికైనా తెలుస్తుంది.

మినీల్లో మక్కు పని ఎం-సీల్ చేస్తుంది. రెజిన్ బొమ్మల అతుకుల్లో సందులుంటే తడి వేలితో అద్ది, ఆరాక సన్న గరుకు కాగితంతో రుద్దెయ్యండి.


ఏలూరు_ఎల్ఫ్ · శనివారం సాయంత్రం 6:20

బేసుల గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు, అది నా సబ్జెక్టు.

గడుల బోర్డు మీద ఒక గడి అంగుళం, అంటే ఆట లెక్కలో అయిదడుగులు. గాబ్లిన్, బగ్‌బేర్ రెండూ ఒక్కో గడిలోనే నిలబడతాయి కాబట్టి అన్నిటికీ 25 మిల్లీమీటర్ల గుండ్రటి బేసులు. కంపెనీ బేసులు రకరకాల మందంలో ఉంటాయి, వీలైతే కోసి అన్నీ ఒకే రకం మీదకి మార్చండి. ఈ ఒక్క పనితోనే సగం తేడా పోతుంది. హార్డ్‌వేర్ షాపులో ఆ సైజు ఇనప వాషర్లు దొరుకుతాయి, అడుగున అంటిస్తే బరువు వస్తుంది, మినీ పడిపోదు. అడుగున అయస్కాంతం రేకు పరిచిన స్వీట్ బాక్స్‌లో పెడితే కదలకుండా ప్రయాణం కూడా చేస్తాయి.

ఇల్లు కట్టే చోట గుప్పెడు ఇసుక అడిగి తెచ్చుకుని, కడిగి, ఎండబెట్టి, టీ వడపోసే జల్లెడతో జల్లించండి. ఫెవికోల్‌లో కాసిని నీళ్ళు కలిపి బేసు మీద రాసి ఇసుకలో ముంచండి. ఆరాక ముదురు గోధుమ, దాని మీద ఓకర్ డ్రైబ్రష్. జార్న్ డబ్బాలే వాడండి, కొత్త రంగు తేవద్దు. గడ్డికి కొబ్బరి పీచు సన్నగా కత్తిరించి కుచ్చులుగా అంటిస్తే ఎండిన అడవి గడ్డిలాగే ఉంటుంది. వాడేసిన టీ పొడి ఎండుటాకుల్లా బాగుంటుందని కొందరంటారు గానీ వానాకాలంలో బూజు పట్టే సామాను, నేనైతే వెయ్యను.

అంచులు అన్నిటికీ ఒకటే రంగు, నలుపో ముదురు గోధుమో. అట్టముక్క అన్న నంబర్లు కావాలంటే బేసు అడుగున రాసుకోండి, పైకి ఎత్తి చూసుకోవచ్చు.


అట్టముక్క · శనివారం సాయంత్రం 6:41

యుద్ధం మధ్యలో గాబ్లిన్లని తలకిందులు చేసి చూస్తూ కూర్చోమంటారా? నేను ఒప్పుకోను. పోనీ, వెనక అంచు మీద నంబరు బదులు రంగు చుక్కలు పెట్టండి.


లక్కీ_లక్ష్మి · శనివారం సాయంత్రం 6:44

చుక్కలకి ఓకే. రాజీ.


బెజవాడ_బార్డ్ · ఆదివారం రాత్రి 8:10

మొదటి ఏడుకి చర్మం, గుడ్డలు, వాష్ అయ్యాయి. బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో మొహాలు విడిగానే కనిపిస్తున్నాయి. మూడు కంపెనీలవీ పక్కపక్కన పెట్టి మా తమ్ముణ్ణి అడిగితే "ఒకే ప్యాకెట్టా?" అన్నాడు.

ఇంకో రెండు అడగాలి. ఆయుధాలకి వెండి వేస్తే మరీ కొత్తగా మెరుస్తున్నాయి. ఇంకా, తోడేళ్ళకి కూడా నీలం గుడ్డ కట్టాలా? గ్రే తోడేలు మీద నీలం అంత తెలియట్లేదు.


కుంచె_కత్తి · ఆదివారం రాత్రి 8:35

వెండి మీద కూడా అదే వాష్ వెయ్యండి, సగం మెరుపు చస్తుంది. తర్వాత చిన్న స్పాంజి ముక్క తుంపి, ఎరుపు, ఓకర్ కలిపిన రంగులో అద్ది, కాగితం మీద దాదాపు అంతా తుడిచేసి, కత్తి అంచుల దగ్గర రెండు మూడు సార్లు తాకించండి. తుప్పు తయారు. బగ్‌బేర్ గదకి మాత్రం తుప్పు తక్కువ, అంచున సన్నటి వెండి గీత ఒకటి. 27 హిట్ పాయింట్ల మనిషి, ఆమాత్రం మర్యాద ఉండాలి.

తోడేళ్ళకి గుడ్డ వద్దు. మెడకి తోలు పట్టీ వేసి, దాన్నుంచి ఒక చిన్న నీలం పీలిక వేలాడదీయండి. వెనక బొచ్చుని ఇంకా లేత బూడిద చేస్తే నీలం తేలుతుంది. వాటిని ముఠాలో కలిపేది ప్రధానంగా బేసే, అది ఎల్ఫ్ గారు చెప్పినట్టు చేస్తే చాలు.


బెజవాడ_బార్డ్ · ఆదివారం రాత్రి 8:40

థ్యాంక్స్ అండి. వార్నిష్ కూడా కుంచెతోనేనా?


లక్కీ_లక్ష్మి · ఆదివారం రాత్రి 9:05

అవును తమ్ముడూ, ఈ నెలలో కుంచెతోనే. మ్యాట్ (మెరవని) వార్నిష్, సీసా బాగా ఊపి, పల్చగా ఒక పూత. ఊపకపోతే తెల్లటి పొడి అడుగునే ఉండిపోయి మెరుపుగా ఆరుతుంది. స్ప్రేనే కొట్టాలంటే వాన తెరిపిచ్చి ఎండ కాసిన రోజు చూసుకోండి, అది కూడా ముందు ఒక పనికిరాని బొమ్మ మీద. తేమకి తెల్లగా మంచు పట్టినట్టు అయిపోతే కంగారుపడి గీకేయకండి. దాని మీద గ్లాసీ (మెరిసే) వార్నిష్ ఒక పూత వేస్తే చాలాసార్లు ఆ తెలుపు పోతుంది, ఆరాక మళ్ళీ మ్యాట్ వేసుకోవచ్చు. ఒక రాత్రంతా ఆరనిచ్చి అప్పుడు పెట్టెలో పెట్టండి. ఆటలో అందరూ నూనె చేతులతోనే పట్టుకుంటారు, బగ్‌బేర్‌కి రెండు పూతలు వెయ్యండి.